మెట్ల వైపు మీరుండాలి

గుడిమల్కాపూర్ పూల మార్కెట్టులో పొద్దున పూట తడి బంతిపూల వాసన, డీజిల్ పొగ కలిసిపోయి ఉంటాయి. ఆ మధ్య ఆఫీసులో పూజ ఉందని పూల కోసం వెళ్లాను. ఇరుకు సందులోకి ఒక వ్యాను వెనక్కి వస్తోంది. దాని వెనక నిలబడ్డ క్లీనరు అరచేత్తో రేకు మీద రెండుసార్లు తట్టి "ఆనే దో, ఆనే దో" అంటున్నాడు. కాసేపటికి ఒక్కసారి గట్టిగా చరిచాడు. బండి ఆగిపోయింది. రెండు దెబ్బలంటే రావచ్చని, ఒక దెబ్బంటే ఆగమని ఈ ఊళ్లో బండి నడిపే ప్రతివాడికీ తెలుసు. ఇక్కడ పుట్టి పెరిగినవాణ్ని, రోజూ వినే చప్పుడే. అయినా అది చెవిన పడినప్పుడల్లా ఎవరో నా వీపు మీద చెయ్యి వేసినట్టు ఉలిక్కిపడతాను. ఆ రోజూ అలాగే ఉలిక్కిపడి పక్కకు తిరిగేసరికి, ఆటోల అడ్డా మీదనుంచి ఒక గొంతు నన్ను పిలిచింది.

"అరె, సీను తమ్మీ! నువ్వేనా?"

అంజయ్యన్న. జుట్టంతా తెల్లబడింది. ఎడమ కాలు వంచకుండా బారజాపి తన ఆటో ముందు సీటులో కూర్చున్నాడు. చుట్టూ మరికొందరు డ్రైవర్లు చాయ్ తాగుతున్నారు. "రా రా, మంచిగొచ్చినవ్. గీళ్లకు జెర చెప్పు. నా కాలు ఎట్ల ఇరిగిందో చెప్తే ఒక్కడు నమ్మడు. ఇంగ్లీషు నేర్పుతనని ఒక పిచ్చి మేడమ్ నా కండ్లకు దస్తీ కట్టించి మెట్ల మీదికెళ్లి పడేసింది. గీ తమ్మి గుడ ఆడ్నే ఉండె. అవునా, కాదా?"

"మరి ఇంగ్లీషు వచ్చిందా కాకా?" అన్నాడు ఒక డ్రైవరు.

"ఇంగ్లీషు సగం వచ్చింది, కాలు సగం పోయింది."

అందరూ నవ్వారు. నవ్వి, సాక్ష్యం కోసం నా వైపు చూశారు. నేను "అవునన్నా" అన్నాను. పూల సంచి పట్టుకుని గబగబా వచ్చేశాను. దారిలో బండి ఆపి చాలాసేపు ఉత్తినే కూర్చున్నాను. కామేశ్వరి మేడమ్‌ను చూసినవాళ్లు ఇది చదివేవాళ్లలో దాదాపు ఉండరు. ఆమె గురించి ఈ ఊళ్లో మిగిలిన కథ అంజయ్యన్న చెప్పేది ఒక్కటే. ఆ కథ అబద్ధం. అంజయ్యన్నకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు, ఎందుకంటే అది నా నోట్లోంచే పుట్టింది.

ఆమె కాకినాడ వైపు మనిషి. భర్తకు ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగం, కిషన్‌బాగ్‌లో అద్దె ఇల్లు. బేగంబజార్‌లో నేను పనిచేసే స్టీలు సామాన్ల దుకాణం మీద ఒక గది ఖాళీగా ఉండేది. మా సేఠ్ దాన్ని సాయంత్రాలు ఆమెకు వాడుకోనిచ్చాడు. ఎయిర్‌పోర్టు టాక్సీ తోలాలనుకునే ఆటోవాళ్లు, సేల్స్‌మన్లు, ఒకరిద్దరు నర్సులు ఆమె దగ్గర ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకునేవారు. నేను డిగ్రీ చదివినవాణ్ని. ఇంగ్లీషు రాయగలను, చదవగలను, నోరు మాత్రం పెగలదు. ఏదైనా పెద్ద హోటల్లో, కోటు వేసుకుని, వచ్చినవాళ్లను పలకరించే ఉద్యోగం చేయాలన్నది నా కోరిక. దుకాణంలో పని ముగించుకుని పైకి వెళ్లి వెనక బెంచీలో కూర్చునేవాణ్ని.

మొదటి రోజే ఆమెను చిక్కులో పెడదామని అడిగాను. "మేడమ్, గెట్ ఇన్ అన్నా ఎక్కడమే, గెట్ ఆన్ అన్నా ఎక్కడమే. రెండెందుకు?" ఆమె జవాబు చెప్పలేదు. బల్ల కిందికి చెయ్యి చూపించి, "ఇది కారండీ, ఎక్కండి" అంది. నేను తల వంచుకుని బల్ల కింద దూరాను. తర్వాత బెంచీ చూపించి, "ఇది బస్సు, ఎక్కండి" అంది. బెంచీ మీదికెక్కి నిలబడ్డాను. "తల వంచి ఒదిగి కూర్చునేదైతే గెట్ ఇన్. పైకెక్కి లేచి నిలబడగలిగేదైతే, లేకపోతే గుర్రంలాగా కాళ్లు చెరోవైపూ వేసేదైతే గెట్ ఆన్. మాట కోసం వెతుక్కోకండి. ముందు మీ ఒళ్లు ఏం చేస్తోందో చూసుకోండి, మాట దానంతటదే వస్తుంది." అంతే పాఠం. బెంచీ మీద నిలబడ్డ నన్ను చూసి నర్సులు నవ్వుతున్నారు. అయినా ఆ తేడా నేను ఇక ఎప్పుడూ మరిచిపోలేదు.

అంజయ్యన్న ఊరుకోలేదు. "మరి ఆటో సంగతేంది మేడమ్? ఎనక కూసుండేటోళ్లు తల వంచుతరు. నేను ముందట బైకు మీద లెక్కనే కూసుంట. నాదేంది, ఇన్నా, ఆన్నా?" ఆమె ఆలోచించి, "నాకు తెలియదండీ, రేపు చెప్తాను" అంది. తెలియదని పదిమంది ముందు అంత తేలిగ్గా ఒప్పుకున్న టీచరును నేను చూడటం అదే మొదటిసారి. మరునాడు సాయంత్రం, కిటకిటలాడే బేగంబజార్ వీధిలో, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని అంజయ్యన్న ఆటో డ్రైవరు సీటులోకి ఎక్కింది. హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. దిగింది. హమాలీలు మూటలు దించి మరీ చూశారు. "గెట్ ఇన్నేనండీ అంజయ్యగారూ" అని ప్రకటించింది. నుదురు తడుముకుంటూ, "పైకప్పు తగిలింది" అంది.

గల్లాపెట్టె దగ్గర్నుంచి సేఠ్ కేకేశాడు. "మేడమ్‌జీ, ఇది చదువా, సర్కసా?"

"సర్కసులో జంతువులు మాట వింటాయండీ సేఠ్‌గారూ. వీళ్లు వినరు."

అలా సాగేది మా చదువు. గది గోడకు ఆనుకుని బెంచీ జరిపితే పుల్ ఇన్, బయటికి లాగితే పుల్ అవుట్, గేటు ముందు వచ్చి ఆపితే పుల్ అప్, పోలీసు చెయ్యెత్తితే పక్కకు తీసి ఆపడం పుల్ ఓవర్. పుల్ ఓవర్ మాత్రం ఆటోవాళ్లకు ఒక్కసారి చెబితే చాలింది. ఒకనాడు ఆమె నన్ను లేపి, గదిలో నిలబడ్డ ఒక నర్సు పక్కనుంచి నడవమంది. "ఇది వాక్ బై" అంది. మళ్లీ అదే నర్సు ముందుదాకా వెళ్లి ఆగమంది. "ఇది వాక్ అప్ టు. రెండింటిలోనూ కాళ్లు ఒకేలా నడిచాయి. ఎక్కడ ఆగారన్నదే తేడా. ఒక మనిషి ముందుదాకా వెళ్లి నిలబడటం తేలిక కాదు శ్రీనివాస్, చూడండి మీ చెవులు ఎలా ఎర్రబడ్డాయో." క్లాసంతా గొల్లుమంది.

కమ్ బ్యాక్, గో బ్యాక్ దగ్గర అందరం తడబడ్డాం. ఆమె మమ్మల్ని కిటికీ దగ్గరికి పిలిచింది. కింద ఒక లారీ వెనక్కి వస్తోంది. క్లీనరు రేకు మీద తడుతూ దాని వెనకే అడుగులు వేస్తున్నాడు. "చూశారా? వెనక్కి రమ్మనేవాడు వెనకే ఉన్నాడు. లారీ ఆగకపోతే ముందు నలిగేది వాడే. అందుకే ఆ డ్రైవరు వాడి చెయ్యిని నమ్ముతున్నాడు. ముందు నిలబడి 'రా, రా' అనడం ఎవరైనా చేస్తారు. మీరు అలా అనకూడదు." ఆ రోజునుంచి క్లాసులో కొత్త ఆట వచ్చింది. ఒకరు కళ్లకు దస్తీ కట్టుకోవాలి, ఇంకొకరు ఇంగ్లీషు మాటలతో నడిపించాలి. కళ్లు తెరిచి ఉంటే మనిషిని చూసి నడుస్తారని, మూసుకుంటేనే మాట విని నడుస్తారని ఆమె అనేది. వెనక్కి నడవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒక నియమం. నడిచేవాడు "హూ ఈజ్ బిహైండ్ మీ?" అని అడగాలి. నడిపించేవాడు నోటితో కాక, క్లీనరులాగా వీపు మీద రెండుసార్లు తట్టి జవాబు చెప్పాలి. ఆ చెయ్యి పడనిదే అడుగు వెయ్యకూడదు. మాటను ఎక్కడినుంచైనా విసరవచ్చు. చెయ్యి వెయ్యాలంటే అక్కడ ఉండక తప్పదు.

కొన్ని నెలలు గడిచేసరికి నేను ఆమెకు సాయంగా పాఠం చెప్పే దాకా వచ్చాను. ఒక హోటలు మేనేజరు మా క్లాసు గురించి విని, ఒకరిద్దరిని ఎంచుకోవడానికి వస్తానని కబురు పెట్టాడు. నా పేరు ఆమే చెప్పింది. ఆ మధ్యాహ్నం ఆమె లోపల బల్లలు సర్దిస్తోంది. గది బయట, మెట్లు ఎక్కి రాగానే, చిన్న వరండాలాంటి చోటు ఉండేది. ఒక పక్క కిందికి మెట్లు, ఎదురుగా వీధి వైపు ఇనుప రెయిలింగు. "శ్రీనివాస్, అంజయ్యగారిని ఒకసారి నడిపించి చూడండి. ఆయనకు వెనక్కి నడవడం ఇంకా భయంగా ఉంది. మెట్ల వైపు మీరుండాలి" అని చెప్పి లోపలికి వెళ్లింది. ఇంత స్పష్టంగా చెప్పింది. ఇందులో ఒక్క మాట కూడా నేను కలపలేదు.

నేను మెట్ల వైపు లేను. రెయిలింగు పట్టుకుని, కారు వస్తోందేమోనని కిందికి చూస్తున్నాను. మేనేజరుకు ఎదురెళ్లి మొదటి మాట నేనే పలకాలని నా ఆరాటం. అంజయ్యన్న కళ్లకు దస్తీ కట్టుకుని, మెట్లకు వీపు పెట్టి నిలబడ్డాడు. "హూ ఈజ్ బిహైండ్ మీ?" అన్నాడు.

"ఐ యామ్" అన్నాను, తల తిప్పకుండానే.

"చెయ్యి పడలే తమ్మీ."

"ఉన్నా అన్నా, నడువు. మూవ్ బ్యాక్. కీప్ మూవింగ్."

అతను నమ్మాడు. నా గొంతు ముందునుంచి వస్తోందని అతనికి తెలిసే ఉంటుంది. అయినా ఉన్నానని చెప్పాను కాబట్టి నమ్మాడు. అప్పుడే కారు వచ్చి దుకాణం ముందు ఆగింది. డ్రైవరు దిగి తలుపు తీస్తున్నాడు. పుల్ అప్ అని మనసులో అనుకున్నాను. అదొక్కటే నాకు గుర్తు. స్టాప్ అనాలన్నది గుర్తు రాలేదు. ఆ తర్వాత విన్నది స్టీలు గిన్నెల చప్పుడు. మెట్ల మీద పేర్చిన గిన్నెల దొంతరలు ఒకదాని వెంట ఒకటి దొర్లుతూ వీధిలోకి పోయాయి. చివరి గిన్నె తిరిగి తిరిగి ఆగాక అంజయ్యన్న అరుపు వినపడింది. మేనేజరు వచ్చిన కారులోనే అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాం.

మరునాడు అంజయ్యన్న బామ్మర్ది మల్లేశ్, అడ్డా డ్రైవర్లు కొందరు గదిలోకి వచ్చారు. సేఠ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. మేడమ్ చేతిలో డస్టరు ఉంది.

"మా బావ ఎనకకు పడ్తుంటే పట్టుకునేటోడు లేడా?" మల్లేశ్ మేడమ్‌ను నిలదీశాడు. నా వైపు తిరిగాడు. "నువ్వే గద నడిపించింది. నువ్వేడ ఉన్నవ్?"

"ముందట ఉన్నా."

"ముందటెందుకున్నవ్?"

గది నిండా మనుషులు. హోటలు ఉద్యోగం గురించి, ఇంట్లో అమ్మకు అప్పుడే చెప్పేసిన మాట గురించి ఆలోచించానేమో తెలియదు. ఆలోచించేంత సేపు కూడా పట్టలేదు. "మేడమే గాడ నిలబడుమన్నది" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే ఇన్నేళ్లు నాకింత కష్టమయ్యేది కాదు. నేను ఇంకా ఏదో చెప్పబోతున్నానని, కొంచెం ఆగితే నేనే సర్దుకుంటానని ఎదురుచూస్తున్నట్టు చూసింది. నేను గోడవైపు చూశాను. ఆమె డస్టరు బల్ల మీద పెట్టి, "క్లాసు నాది. ఆయన పడింది నా క్లాసులో. అడిగేదేదో నన్నే అడగండి" అంది. నేను చెప్పినది నిజమని ఆమె అనలేదు. అక్కడున్నవాళ్లకు మాత్రం ఒప్పుకున్నట్టే వినిపించింది. ఒకరు "చదువుకున్నదానివేనా?" అన్నారు, ఇంకొకరు అనరాని మాటే అన్నారు. సేఠ్ ఆ సాయంత్రమే గదికి తాళం వేయించాడు.

మెట్లు దిగాక, వీధిలో ఆమె నా పక్కన ఆగింది. "అంజయ్యగారి దగ్గరికి మీరొకసారి వెళ్లి రండి శ్రీనివాస్" అంది. "వెళ్తాను మేడమ్" అన్నాను. ఆమె నన్నడిగింది అదొక్కటే. వెళ్లి ఏం చెప్పాలో ఇద్దరికీ తెలుసు. నేను వెళ్లలేదు.

తర్వాత నాకు ఆ హోటల్లోనే ఉద్యోగం వచ్చింది. కోటు వేసుకున్నాను. కొన్నేళ్ల తర్వాత అఫ్జల్‌గంజ్ బస్‌స్టాపులో ఆమె కనబడింది. బాగా చిక్కిపోయి, చేతిలో గుడ్డ సంచితో ఉంది. నన్ను చూసి చెయ్యెత్తింది. నేను చూడనట్టు కదులుతున్న బస్సు ఎక్కేశాను. వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది. "శ్రీనివాస్, అది సికింద్రాబాద్ బస్సండీ!" నేనుండేది రెండో వైపని ఆమెకు గుర్తుంది. తర్వాతి స్టాపులో దిగిపోయాను గానీ వెనక్కి వెళ్లలేదు. ఆమెను చూడటం అదే ఆఖరు. ఆమె పోయిందని పాత క్లాసువాడొకడు చెప్పినప్పుడు, నేను హోటలు మానేసి ఒక టాక్సీ కంపెనీలో డ్రైవర్లకు ఇంగ్లీషు నేర్పుతున్నాను. ఇప్పటికీ నా పని అదే. బల్ల కింద దూరమంటాను, బెంచీ ఎక్కమంటాను, కళ్లకు దస్తీ కట్టిస్తాను. "గీ పద్ధతి మస్తున్నది సార్, మీరే కనిపెట్టిన్రా?" అని అడుగుతారు. నేను నవ్వి ఊరుకునేవాణ్ని.

అందుకే పూల మార్కెట్టులో "అవునన్నా" అన్న ఆ రోజు ఇంట్లో ఉండలేకపోయాను. మరునాడు పొద్దున్నే అడ్డాకు వెళ్లాను. దూరంనుంచి అంజయ్యన్న తెల్ల జుట్టు కనబడుతూనే ఉంది. కాళ్లు నాకు తెలియకుండానే అడ్డాను దాటించి పూల దుకాణాల దాకా తీసుకుపోయాయి. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, అతని ముందుదాకా వెళ్లి నిలబడ్డాను.

"అన్నా, నిన్న నేను అవునన్నది అబద్ధం."

"ఏంది తమ్మీ?"

"మేడమ్ నన్ను మెట్ల దిక్కు నిలబడుమన్నది. నేనే నిలబడలే. రెయిలింగు కాడ నిలబడి కారు సూస్తున్న. నీకు ఉన్నా అని చెప్పిన, లేను. మల్లేశ్ అడిగితే ఆమె మీదికి తోసిన."

అంజయ్యన్న తన ఎడమ కాలు వైపు చూసుకున్నాడు. మోకాలి మీద చెయ్యి వేసుకుని రాస్తూ ఉన్నాడు. "ఆమె మా ఇంటికొచ్చింది, తెల్సా?" అన్నాడు చివరికి. "పండ్లు పట్టుకొని వచ్చింది. మా ఇంటామె లోపటికి పిలుస్తుంటే నేనే వద్దన్న. గడప బయటనే నిలబడి, కాలు ఎలా ఉందండీ అన్నది. నేను గోడ దిక్కు మొఖం తిప్పుకున్న. నీ పేరు గుడ ఎత్తలే. జెరసేపు సూసి, పండ్లు గడప కాడ పెట్టి పోయింది."

"అన్నా..."

"కాలుదేముందిరా, అతుక్కున్నది. గా మనిషిని నాతోని గడప బయట నిలబెట్టించినవ్ సూడు, దాన్నేం జేస్తవ్?"

పక్కనున్న డ్రైవరు "పోనీ తీ కాకా, ఎప్పటి ముచ్చటో" అన్నాడు. "నువ్వు ఊకో" అని అతన్ని కసిరి, అంజయ్యన్న నా వైపు తిరిగాడు. "నాకొక్కనికి చెప్తే ఏం ఫాయిదా? గీ కథ చెప్పి ఈ అడ్డా మీద ఎంతమందిని నవ్వించిన్నో. అందరు ఇంటట్టు చెప్పు. గట్టిగ చెప్పు."

చెప్పాను. ఆటోల మధ్య నిలబడి, ఆమె పేరుతో సహా, నా గొంతు నాకే పరాయిదిగా వినిపిస్తుండగా మొదటినుంచీ చెప్పాను. నిన్న నవ్వినవాళ్లు ఈసారి నవ్వలేదు. ఒకతను మధ్యలోనే ఫోను చూసుకుంటూ వెళ్లిపోయాడు. ఇంతలో ఒక పూలామె బుట్టలతో వచ్చి అంజయ్యన్న ఆటో మాట్లాడుకుంది. ముందు వ్యాను అడ్డంగా ఉంది. ఆటో వెనక్కే తీయాలి. అతను ఇంజను స్టార్టు చేసి అద్దంలోకి చూశాడు. ఎవరినీ పిలవలేదు. నేను వెళ్లి ఆటో వెనక నిలబడ్డాను. అద్దంలో నన్ను చూశాడు. బండి కదలలేదు. తప్పుకోమంటాడేమో అనుకున్నాను. రేకు మీద చెయ్యి పెట్టి రెండుసార్లు తట్టాను. ఇంజను అలా కొట్టుకుంటూనే ఉంది. చాలాసేపటికి, మెల్లగా, ఆటో నా మీదికి రావడం మొదలుపెట్టింది. నేను ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ, మలుపు దగ్గర ఒక్కసారి చరిచాను. ఆగింది. అతను బండి తిప్పుకుని, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

క్షమించాడని నేననుకోవడం లేదు. క్షమించాల్సినామె లేదు కూడా. ఇప్పుడు కొత్తవాళ్లకు మొదటి రోజే కామేశ్వరి మేడమ్ పేరు చెబుతాను. బల్లా బెంచీ పాఠాలు ఆమెవేనని, నేను ఆమె విద్యార్థినని, ఆమెకు నేను చేసింది ఇదని చెప్పాకే పాఠం మొదలుపెడతాను. కొందరికి నా మీద గౌరవం తగ్గుతుంది, కళ్లలో కనబడుతుంది. తర్వాత వాళ్లలో ఒకరు దస్తీ కట్టుకుని, మెట్లకు వీపు పెట్టి నిలబడి, "హూ ఈజ్ బిహైండ్ మీ?" అని అడుగుతారు. నోటితో జవాబు చెప్పను. మెట్ల వైపు వెళ్లి నిలబడి, వీపు మీద రెండుసార్లు తడతాను.